ఆటవిడుపు: ఊహాజట్టుకు శ్రీకారం

విదేశాలలో స్థిరపడిన బిడ్డలు గల కుటుంబాలు మన సంస్థలో ఏటేటా పెరుగుతున్నాయి. ఒకప్పుడు మన క్వార్టర్లలో అమెరికా నగరాల పేర్లే ఎక్కువగా వినవచ్చేవి. నేడు వాటి సరసన మెల్బోర్న్, అడిలైడ్, పెర్త్ నగరాల పేర్లు కూడా చేరాయి. 2021 నాటి ఆస్ట్రేలియా జనగణనలో ఇంటిభాష తెలుగు అని వ్రాయించుకొన్నవారి సంఖ్య 60 వేలకు చేరువగా ఉన్నది.

పిల్లలను చూడడానికి వెళ్ళి, మార్చి – సెప్టెంబరు మాసాల మధ్య మెల్బోర్న్‌లో కొన్నాళ్ళు గడిపి వచ్చిన తల్లిదండ్రులకు ఒక సంగతి అనుభవమే. ఆ ఊరిలో కొత్తవారితో మాట కలిపినవారు ఎక్కువసేపు గడవకముందే "మీరు ఏ జట్టు పక్షం?" అని అడుగుతారు. అది క్రికెట్ గూర్చిన ప్రశ్న కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గూర్చిన ప్రశ్న. కొడుకుతోనో కోడలితోనో కలిసి మైదానానికి వెళ్ళి, మొదట ఏమీ అర్థంకాక, పిదప ఆ ఆటకు అభిమానులై తిరిగివచ్చినవారు మన పాఠకులలో ఉన్నారు. ఆట చూడడం వచ్చింది. ఇక మనవలు ఆడుతున్న 'ఫ్యాంటసీ' పోటీలో తామూ చేరడమెలా అన్నది వారి ప్రశ్న. ఈ సంచికలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదలచాము.

ముందుగా అసలు ఆట

ఇంకా ఈ ఆట చూడని పాఠకుల నిమిత్తం నాలుగు మాటలు. క్రికెట్ ఆటగాళ్ళు చలికాలంలో ఒళ్ళు బరువెక్కకుండా ఉండడానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకోవాలని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858లో మెల్బోర్న్ పత్రిక ఒకదానికి లేఖ వ్రాశాడు. మరుసటి సంవత్సరం, అనగా 1859లో, మెల్బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బు నియమావళి సిద్ధమయింది. క్రికెట్ మైదానాలే ఈ ఆటకూ వేదికలు కావడానికి మూలం అక్కడ ఉన్నది. 2024 డిసెంబరులో మన విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు శతకం సాధించిన మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్ శీతకాలంలో ఫుట్‌బాల్ మైదానంగా మారిపోతుంది. 1970లో కార్ల్టన్, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య జరిగిన అంతిమ పోటీని చూడడానికి ఆ ఒక్క మైదానానికి 1,21,696 మంది వచ్చారు.

మైదానంలో పక్షానికి 18 మంది ఆడతారు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండు స్తంభాల మధ్యనుండి బంతిని తన్నితే 'గోల్', దానికి 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్యనుండి పోతే 'బిహైండ్', దానికి 1 పాయింటు. బంతిని కాలితో తన్నవచ్చు; లేదా ఒక అరచేతిలో నిలిపి రెండవ చేతి పిడికిలితో కొట్టి తోటివానికి అందించవచ్చు. దానిని 'హ్యాండ్‌బాల్' అంటారు. విసరడం మాత్రం నిషిద్ధం. కనీసం 15 మీటర్లు ప్రయాణించిన కిక్‌ను మరెవరూ తాకకముందే గాలిలో పట్టుకొంటే అది 'మార్క్'. మార్క్ పట్టినవానికి అడ్డులేకుండా తన్నే అవకాశం లభిస్తుంది. విక్టోరియా రాష్ట్రపు లీగుగా సాగిన పోటీ 1990లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అనగా ఏఎఫ్ఎల్, అని పేరు మార్చుకొన్నది. 2012 నుండి అందులో 18 జట్లు ఆడుతున్నాయి.

ఊహాజట్టు అనగానేమి?

లీగులోని నిజమైన ఆటగాళ్ళనుండి కొందరిని ఎంపిక చేసుకొని ఎవరికివారు కాగితంపై కట్టుకొనే జట్టే ఊహాజట్టు. ఆ ఆటగాళ్ళు వారాంతంలో తమ అసలు జట్ల తరఫున ఏమి సాధిస్తారో, దానికి తగిన పాయింట్లు మన ఖాతాలో చేరతాయి. ఈ వేడుకకు పుట్టిల్లు అమెరికా. 1962లో అక్కడి ఓక్లాండ్ రైడర్స్ జట్టులో భాగస్వామియైన విన్‌కెన్‌బాక్, కొందరు మిత్రులతో కలిసి తమ దేశపు ఫుట్‌బాల్ కోసం దీనిని రూపొందించాడు. ఆ రోజులలో కంప్యూటర్ల ప్రసక్తి లేదు. పత్రికలలో వచ్చిన అంకెలను చేతితో కూడి లెక్క తేల్చేవారు.

ఆస్ట్రేలియాలో ప్రస్తుతం రెండు పోటీలు విశేష జనాదరణ పొందాయి. ఒకటి లీగు స్వయంగా నిర్వహించే 'ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీ'. రెండవది హెరాల్డ్ సన్ వంటి పత్రికల సంస్థ నిర్వహించే 'సూపర్‌కోచ్'. రెండింటిలోనూ ఉచితంగా చేరవచ్చు. కొత్తవారు మొదటి దానితో ఆరంభించడం మేలని మా అభిప్రాయం. కారణం, దాని లెక్క ఒక చిన్న చీటీపై పడుతుంది. ఆట చూస్తూనే వేళ్ళపై కూడవచ్చు.

లెక్క వేసే విధానం

ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో కిక్‌కు 3, హ్యాండ్‌బాల్‌కు 2, మార్క్‌కు 3, ప్రత్యర్థిని పట్టి నిలిపే ట్యాకిల్‌కు 4 పాయింట్లు. గోల్‌కు 6, బిహైండ్‌కు 1. గాలిలోకి లేచిన బంతిని తన పక్షంవైపు తట్టే 'హిటౌట్'కు 1. తనకు ఫ్రీ కిక్ లభిస్తే 1 కలుస్తుంది; తన తప్పువల్ల ఎదుటివారికి లభిస్తే 3 తగ్గుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక మిడ్‌ఫీల్డర్ 20 కిక్‌లు, 10 హ్యాండ్‌బాల్‌లు, 6 మార్క్‌లు, 5 ట్యాకిల్‌లు చేశాడనుకొందాము. 1 గోల్, 1 బిహైండ్ కొట్టాడు. 2 ఫ్రీ కిక్‌లు పొంది, 1 ఇచ్చాడు. లెక్క ఇలా ఉంటుంది: 60, 20, 18, 20, 6, 1, 2 కలిపి 127, అందునుండి 3 తీసివేస్తే 124. గోల్‌ను తన్నిన కిక్ కూడా ఆ 20 కిక్‌లలో చేరి ఉంటుంది కనుక ఒక గోల్ విలువ నిజానికి 9 పాయింట్లని గమనించాలి. క్రికెట్‌లో మాదిరిగానే ఇక్కడా నూరు దాటితే మంచి ఆట కింద లెక్క.

ఈ పట్టికనుండి మొదటి పాఠం దానంతట అదే తేలుతుంది. ఇందులో గోల్‌కొట్టే వీరునికంటే రోజంతా పరుగెత్తి పదేపదే బంతిని అందుకొనేవానికే విలువ ఎక్కువ. 2018 సీజన్ మొదటి రౌండులో హాథార్న్ జట్టు ఆటగాడు టామ్ మిచెల్, కాలింగ్‌వుడ్‌పై ఒకే మ్యాచ్‌లో కిక్‌లు, హ్యాండ్‌బాల్‌లు కలిపి 54 సాధించి లీగు చరిత్రలో రికార్డు నెలకొల్పాడు. అదే సంవత్సరం లీగులో అత్యున్నత వ్యక్తిగత పురస్కారమైన బ్రౌన్‌లో పతకం కూడా ఆయననే వరించింది. ఊహాజట్టులో వెన్నెముక వంటివారు ఇటువంటి మిడ్‌ఫీల్డర్లే.

సూపర్‌కోచ్ లెక్క ఇంత సులభం కాదు. అందులో బంతి ఎన్నిసార్లు చేతికి వచ్చిందన్నదే కాక, దానిని ఎంత సమర్థంగా వినియోగించారు, ఏ క్లిష్టసమయంలో వినియోగించారు అన్నది కూడా తూస్తారు. ఒక మ్యాచ్‌కు మొత్తం 3,300 పాయింట్లుగా నిర్ణయించి, ఆడినవారందరికీ ఆ మొత్తాన్నే పంచుతారు. కనుక ఒకరికి పెరిగితే మరొకరికి తగ్గవలసిందే. ఒక సీజన్ అనుభవం వచ్చిన పిదప దీని జోలికి పోవచ్చు.

జట్టు కూర్పు

సాధారణంగా ఆడే 'క్లాసిక్' పద్ధతిలో 30 మందిని ఎంచుకోవాలి. వారిలో 22 మంది మైదానంలో, 8 మంది బెంచిపై ఉంటారు. మైదానంలో 6గురు డిఫెండర్లు, 8 మంది మిడ్‌ఫీల్డర్లు, 2 రక్‌లు, 6గురు ఫార్వర్డ్‌లు. ప్రతి ఆటగానికి ఒక ధర ఉంటుంది. అందరి ధరలూ కలిపి నిర్వాహకులు ఆ ఏటికి విధించిన పరిమితిని మించరాదు. నెలజీతంలో ఇల్లు నడపడం తెలిసినవారికి ఈ ఇబ్బందిని విడమరచి చెప్పనవసరం లేదు. అన్నీ మేలురకానివే కొనబోతే నెలాఖరుకు బియ్యం ఉండవు.

ధరకు ఆధారం ప్రధానంగా గత సంవత్సరపు సగటు. నిలకడగా నూరు పాయింట్లు తెచ్చేవాని ధర ఆకాశాన్ని అంటుతుంది. ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని నవయువకుని ధర అతి తక్కువగా ఉంటుంది. సీజన్ సాగేకొద్దీ ఆడిన తీరునుబట్టి ధరలు పెరుగుతూ, తగ్గుతూ ఉంటాయి. ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. చవకగా వచ్చిన యువకుడు వరుసగా 60, 70 పాయింట్లు సాధించాడంటే కొద్ది వారాలలోనే అతని ధర రెట్టింపు కావచ్చు. అప్పుడు అతనిని విడిచి, ఆ లాభంతో మేటి ఆటగానిని తెచ్చుకోవచ్చు. అటువంటి యువకులను ఆస్ట్రేలియా అభిమానులు 'పాడి ఆవులు' అన్న అర్థమిచ్చే మాటతో పిలుస్తారు.

కనుక ఆరంభకులు అనుసరించదగిన కూర్పు ఇది. ధనంలో అధికభాగం వెచ్చించి పదిమందికి తగ్గకుండా నిలకడగల మేటి ఆటగాళ్ళను తీసుకోవాలి. మిగిలిన స్థానాలను ఎక్కువగా చవకవారితో నింపాలి. ఆ చవకవారి విషయంలో ప్రతిభకంటే ముందు చూడవలసినది ఒకటున్నది. అతడు మొదటి రౌండునుండి నిజంగా మైదానంలోకి దిగుతాడా? ఎంత ప్రతిభావంతుడైనా రెండవశ్రేణి జట్టులో ఆడుతూ ఉంటే మనకు వచ్చేది సున్నా. ధర కూడా కదలదు. ఇక మధ్యస్థమైన ధరలో దొరికేవారు ఎక్కువగా ఆశపెట్టి నిరాశపరుస్తారు. గాయంవల్ల గత ఏడు సరిగా ఆడలేక ధర తగ్గినవాడు, ఇప్పుడు పూర్తి ఆరోగ్యంతో తిరిగివస్తున్నాడని తెలిస్తే మాత్రం అతడు మినహాయింపు.

కొందరు ఆటగాళ్ళను రెండు స్థానాలలో వాడుకొనే వీలుంటుంది. ఉదాహరణకు డిఫెండర్‌గానూ మిడ్‌ఫీల్డర్‌గానూ నమోదైనవాడు. ఇటువంటివారు ఇద్దరు ముగ్గురైనా ఉంటే ఎవరికైనా దెబ్బ తగిలినపుడు సర్దుబాటు సులభమవుతుంది.

రక్ స్థానం: ఒక హెచ్చరిక

బంతి గాలిలోకి లేచినపుడు దానికై పైకెగిరే పొడగరిని 'రక్' అంటారు. మైదానంలో ఈ స్థానాలు రెండే కనుక ఇక్కడి తప్పు ఖరీదైనది. బ్రోడీ గ్రండీ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. కాలింగ్‌వుడ్ జట్టులో ప్రధాన రక్‌గా పేరుపొందిన ఆయన 2023 సీజన్‌కు మెల్బోర్న్ జట్టుకు మారాడు. అక్కడ జట్టు సారథి మ్యాక్స్ గాన్ కూడా రక్కే. ఒకే పనిని ఇద్దరు పంచుకోవలసి వచ్చింది. ఆ సీజన్‌లోనే గ్రండీ ఒక దశలో జట్టులో చోటు కోల్పోయి రెండవశ్రేణి పోటీలో ఆడాడు. 2024లో సిడ్నీ జట్టుకు మారి మళ్ళీ ప్రధాన రక్ అయ్యాడు. ఆ ఏడు సిడ్నీ అంతిమ పోటీకి చేరింది.

మనిషి అతడే, నైపుణ్యం అదే. మారినది అతనికి అప్పగించిన పని. కనుక జట్టు కట్టేవారు గత ఏటి సగటును చూసి తృప్తిపడరాదు. ఈ ఏడు అతనికి ఆ జట్టులో ఏ పని అప్పగిస్తున్నారు, ఆ పనికి మరొకరు పోటీగా ఉన్నారా అన్నది విచారించాలి. ఇది రక్‌లకే కాక అన్ని స్థానాలకూ వర్తిస్తుంది.

వారం వారం చేయవలసినవి

సాధారణంగా గురువారం సాయంత్రం వారాంతపు జట్ల జాబితాలు వెలువడతాయి. ఏ పని మానినా వీటిని చూడడం మానరాదు. మన జట్టులోనివారు ఎవరు ఆడుతున్నారు, ఎవరు గాయపడ్డారు, కొత్తగా ఎవరికి అవకాశం వచ్చింది అన్నవి అక్కడే తెలుస్తాయి. ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీలో సాధారణంగా వారానికి రెండు మార్పిడులకు అవకాశం ఉంటుంది. సూపర్‌కోచ్‌లో సీజన్ మొత్తానికి ఇన్ని అని పరిమితి ఉంటుంది కనుక అక్కడ పొదుపు మరింత అవసరం. ఒక్క వారం తక్కువ పాయింట్లు వచ్చాయని మంచి ఆటగానిని వదులుకోవడం కొత్తవారు చేసే సాధారణమైన పొరపాటు. వదలవలసినది గాయపడినవానిని, లేదా ధర పెరగడం ఆగిపోయిన పాడి ఆవును.

సారథిగా నియమించుకొన్నవానికి వచ్చిన పాయింట్లు రెట్టింపవుతాయి. సారథి ఆడకపోతే ఆ రెట్టింపు ఉపసారథికి దక్కుతుంది. మ్యాచ్‌లు గురువారమో శుక్రవారమో మొదలై ఆదివారం వరకు సాగుతాయి. ఎవరి మ్యాచ్ ఆరంభమైతే అప్పటినుండి వారిని మార్చే వీలుండదు, తక్కినవారిని మార్చవచ్చు. కనుక అనుభవజ్ఞులు ముందురోజు ఆడేవానిని ఉపసారథిగా ఉంచుతారు. అతడు 130 వంటి భారీ సంఖ్య సాధిస్తే, ఆ వారం ఆడని బెంచి ఆటగానిని మైదానంలోకి తెచ్చి సారథిగా ప్రకటిస్తారు. అప్పుడు ఆ 130 కాస్తా 260 అవుతుంది. ఖాళీ అయిన ఆ ఆటగాని స్థానంలో బెంచిపై ముందే సూచించిన 'ఎమర్జెన్సీ' పాయింట్లు చేరతాయి. ఇది నియమాలకు లోబడిన ఉపాయమే.

సీజన్ మధ్యలో జట్లకు వంతులవారీగా విశ్రాంతి వారాలు వస్తాయి. మన మేటి ఆటగాళ్ళందరూ ఒకే వారం విశ్రాంతిలో ఉంటే ఆ వారం మన కొంప మునిగినట్లే. సీజన్ ఆరంభంలోనే కాలెండరు ముందు పెట్టుకొని ఎవరి విశ్రాంతి ఎప్పుడో పేరు పక్కన వ్రాసుకోవాలి. షిఫ్టు డ్యూటీల పట్టిక తయారుచేసే సూపర్‌వైజర్లకు ఇది కొట్టినపిండి.

మనదేశంనుండి అనుసరించేవారు వేళలు గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ మొదటి ఆదివారంనుండి అక్టోబరు మొదటి ఆదివారం వరకు మెల్బోర్న్ సమయం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. మార్చిలో ఆ తేడా ఐదున్నర గంటలు. పెర్త్‌కు మాత్రం ఏడాది పొడవునా రెండున్నర గంటలే. మెల్బోర్న్‌లో శనివారం మధ్యాహ్నం రెండున్నరకు మొదలయ్యే మ్యాచ్ శీతకాలంలో మనకు ఉదయం పది గంటలకు వస్తుంది. రాత్రి మేలుకోవలసిన పని లేదు.

కుటుంబానికి తగిన పద్ధతి

క్లాసిక్ పద్ధతిలో ఒకే ఆటగాడు ఎన్ని జట్లలోనైనా ఉండవచ్చు. 'డ్రాఫ్ట్' అనే మరొక పద్ధతిలో ఒక ఆటగాడు ఒక్కరికే చెందుతాడు. ధరలతో నిమిత్తం లేదు. అందరూ ఒకచోట చేరి వంతులవారీగా పేర్లు కోరుకొంటారు. మొదటి వరుసలో చివర కోరినవారు రెండవ వరుసలో ముందుగా కోరుకొంటారు. ఆ విధంగా అన్యాయం సవరించబడుతుంది. ఆరుగురో ఎనిమిదిమందో సభ్యులుగా గల కుటుంబానికి, దూరదేశాలలో ఉన్న అన్నదమ్ముల పిల్లలకు ఇదే తగినదని మేము భావిస్తాము.

మొదటి ఏడు కంప్యూటరు కూడా అక్కరలేదు. ఒక రూళ్ళ పుస్తకం చాలు. తలకు ఎనిమిదిమంది ఆటగాళ్ళను మాత్రం ఎంచుకొని, వారం వారం పైన చెప్పిన పట్టిక ప్రకారం లెక్క వేసుకోవచ్చు. ఆదివారం ఫోనులో తాతయ్యకూ మనవడికీ మధ్య సంభాషణ "బాగున్నావా, తిన్నావా, చదువుతున్నావా" అన్న మూడు ప్రశ్నలతో ముగిసిపోవడం చాలా ఇళ్ళలో చూస్తున్నదే. అక్కడే పుట్టి పెరిగిన పిల్లవానికి ఆ ప్రశ్నలకు ఒక్కొక్క మాటకు మించిన జవాబు తోచదు. అదే "నీ రక్‌కు ఈ వారం ఎన్ని వచ్చాయిరా?" అని అడిగితే అరగంట మాట్లాడతాడు. ఆ అరగంటలో తెలుగు మాటలు కూడా కొన్ని నేర్చుకొంటాడు.

అంకెలకు అందనిది

ఇంతవరకు చెప్పినది జట్టు కట్టే విద్య. ఇక దీనివల్ల కలిగే నష్టాన్ని కూడా చెప్పడం మా విధి.

ప్రత్యర్థి మార్క్ పట్టబోయే బంతిని చివరి క్షణంలో పిడికిలితో కొట్టి చెదరగొట్టడాన్ని 'స్పాయిల్' అంటారు. గోల్ ముఖద్వారంలో ఒక్క స్పాయిల్ ఆరు పాయింట్లను కాపాడగలదు. ఏఎఫ్ఎల్ ఫ్యాంటసీ పట్టికలో దాని విలువ సున్నా. ఒక డిఫెండర్ 5 కిక్‌లు, 4 హ్యాండ్‌బాల్‌లు, 3 మార్క్‌లు, 1 ట్యాకిల్ చేసి, పదిసార్లు బంతిని ఆ విధంగా చెదరగొట్టాడనుకొందాము. అతని లెక్క 36 మాత్రమే. ఆ పది దెబ్బలవల్లనే అతని జట్టు గెలిచి ఉండవచ్చు. బ్రిస్బేన్ లయన్స్ జట్టు 2024, 2025 సంవత్సరాలలో వరుసగా ఛాంపియన్‌గా నిలిచింది. ఆ రెండు విజయాలలోనూ సంయుక్త సారథియైన హ్యారిస్ ఆండ్రూస్ ఇటువంటి పనిలో దిట్ట. కాని పేరుపొందిన మిడ్‌ఫీల్డర్లతో పోలిస్తే ఈ పట్టికలో ఆయన ఖాతాలో చేరే పాయింట్లు తక్కువే. సూపర్‌కోచ్ స్పాయిల్‌ను లెక్కలోకి తీసుకొంటుంది. అయితే సరైన చోట నిలబడి, బంతి అటువైపు రాకుండానే చేసినవానిని ఏ పట్టిక పట్టుకొంటుంది?

ఈ సంగతి మన ఉద్యోగులకు ఒకరు చెప్పవలసినది కాదు. ఉత్పత్తి పట్టికలో టన్నులు కనిపిస్తాయి. శబ్దం తేడాగా ఉన్నదని గుర్తించి, యంత్రం ఆగిపోకముందే బేరింగు మార్చిన ఫిట్టరు శ్రమ ఆ పట్టికలో ఏ గడిలోనూ కనిపించదు. అది జరిగినందువల్ల ఏమీ జరగలేదు. ఏమీ జరగనిదానిని వ్రాయడానికి రిజిస్టరు లేదు. అంకె అబద్ధం చెప్పదు. కాని తనను అడిగినదానికే జవాబు చెబుతుంది.

కనుక అభిమానులకు మా మనవి ఇది. ఊహాజట్టు పెట్టుకొన్నా మ్యాచ్‌ను మ్యాచ్‌గానే చూడండి. మొదటి రెండు క్వార్టర్లు లెక్క ముట్టకుండా చూసి, విరామంలో పాయింట్లు చూసుకోవడం ఒక మంచి అలవాటు. మరొక చిక్కు కూడా ఉన్నది. మీరు అభిమానించే జట్టు ఒకటి, మీ ఊహాజట్టు సారథి ఆడేది దాని ప్రత్యర్థి పక్షాన కావచ్చు. అప్పుడు మనసు రెండు పడవలపై కాలుపెడుతుంది. ఇందుకు కొందరు తమ జట్టుతో ఆ వారం తలపడే ఆటగానిని సారథిగా పెట్టరాదని ఒక నియమం విధించుకొంటారు. కొన్ని పాయింట్లు పోయినా మనశ్శాంతి దక్కుతుంది.

డబ్బు ప్రసక్తి

ఫ్యాంటసీ అన్న మాట వినగానే మన ఇళ్ళలో తల్లులు ఉలిక్కిపడడానికి కారణం ఉన్నది. పందెం కాసి ఆడే ఆటలు ఆ పేరుతోనే ఫోనులో చొరబడి, జీతం అందిన వారంలోనే దానిని హరించిన సందర్భాలు ఎవరికీ తెలియనివి కావు. ఆన్‌లైన్ పందెపు ఆటలను అరికట్టడానికి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిర్వహించడాన్ని, ప్రచారం చేయడాన్ని, వాటికి చెల్లింపులు జరపడాన్ని దేశమంతటా నిషేధించింది.

మేము పైన వివరించిన పోటీలు ఆ కోవకు చెందవు. వాటిలో చేరడానికి రుసుము లేదు. అయినా జాగ్రత్త అవసరమే. ఆస్ట్రేలియాలో క్రీడా పందేలు చట్టబద్ధం. ఆట ప్రసారాల మధ్య వాటి ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఆటగాళ్ళ అంకెలను శ్రద్ధగా చదివే పిల్లవానికి 'ఇంత తెలిసినవాడను, పందెం కాస్తే గెలవనా' అన్న ఊహ కలగడం సహజం. ఆ ఊహ ఎంత బలమైనదో ఆ దేశమూ ఎరుగును. పందెపు వ్యసనంనుండి బయటపడదలచినవారు తమ పేరు తామే నమోదు చేసుకొని, లైసెన్సుగల ఆన్‌లైన్, ఫోన్ పందెపు సంస్థలన్నిటికీ దూరం కావడానికి అక్కడి ప్రభుత్వం 2023 ఆగస్టులో 'బెట్‌స్టాప్' అనే జాతీయ పట్టికను ఆరంభించింది.

అందుచేత కుటుంబ లీగు పెట్టుకొనేవారు మొదటిరోజే ఒక మాట అనుకోవాలి. రూపాయిగాని, డాలరుగాని పెట్టరాదు. ఓడినవారు గెలిచినవారికి ఒక పూట వంట చేసిపెట్టడమో, ఒక ఉత్తరం స్వహస్తంతో తెలుగులో వ్రాయడమో పందెంగా ఉంచుకోవచ్చు. రెండవది మెల్బోర్న్ మనవలకు మరీ కఠినమని వారు మొరపెట్టుకొంటే మన్నించవలసిన పని లేదు.

ఎప్పుడు ఆరంభించాలి?

సీజన్ మార్చిలో మొదలై, సెప్టెంబరు చివరి శనివారంనాడు మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో జరిగే అంతిమ పోటీతో ముగియడం ఆనవాయితీ. 2023 నుండి సాధారణ దశలో ఒక్కొక్క జట్టు 23 మ్యాచ్‌లు ఆడుతున్నది. కనుక ఫిబ్రవరిలో అభ్యాస మ్యాచ్‌లు జరిగేనాటికి పుస్తకం తెరవాలి. ఆ మ్యాచ్‌లలో గెలుపోటములు ముఖ్యం కాదు. ఏ యువకునికి అవకాశం ఇస్తున్నారు, ఎవరిని కొత్త స్థానంలో పరీక్షిస్తున్నారు అన్నవే గమనించాలి. సీజన్ మధ్యలో మేలుకొన్నవారు నిరుత్సాహపడనక్కరలేదు. ఆ ఏడు రూళ్ళ పుస్తకంతో సాధన చేసి, మరుసటి మార్చికి సిద్ధం కావచ్చు.

మొదటి ఏడు గెలవాలన్న ఆశ పెట్టుకోవద్దు. ఇరవై వారాలపాటు జట్ల జాబితాలను చదివినవారికి 18 జట్లలో ఎవరెవరు ఏమి చేస్తారో తెలిసిపోతుంది. మళ్ళీ మెల్బోర్న్ వెళ్ళినపుడు "మీరు ఏ జట్టు పక్షం?" అని పొరుగింటాయన అడిగితే, సమాధానం చెప్పి ఊరుకోక, ఆయన జట్టులో రక్ ఈ ఏడు ఎందుకు వెనుకబడ్డాడో కూడా చెప్పగలుగుతారు. ఆపైన ఆయన జట్టు డిఫెండర్ చేసిన స్పాయిల్ ఒకటి గుర్తుపెట్టుకొని మెచ్చుకొంటే, ఆయన మిమ్మల్ని టీకి పిలవక మానడు.